అలిగి వెళ్ళడానికో ఇల్లు

ఆలూమగల తగాదాకి ఆయుష్షు అన్నం వార్చేదాకానే అనేది మా అమ్మమ్మ. ఆవిడ మాటలో నిజం లేకపోలేదు గాని, ఆ తగాదా అంత తొందరగా చల్లారడానికి వెనకాల ఎంతమంది పనిచేస్తారో ఆవిడ లెక్క పెట్టలేదు. మీరే ఓసారి లెక్క పెట్టి చూడండి. మాటామాటా వచ్చి, పెట్టె సర్దుకుని పుట్టింటికి వెళ్తామా, నాలుగో రోజుకల్లా నాన్నగారు "అల్లుడికి భోజనానికి ఇబ్బందవుతోందేమోనమ్మా" అంటారు. అమ్మ కరివేపాకు దూస్తూ, తను కాపురానికొచ్చిన కొత్తలో జరిగిన భాగోతమంతా చెబుతుంది. వదిన నవ్విస్తుంది. అక్కడ ఆ మహానుభావుడికి వాళ్ళమ్మగారు నాలుగు చీవాట్లు పెడతారు. ఆఖరికి తమ్ముడు బస్సెక్కించి, వెంట వచ్చి మరీ దిగబెడతాడు. ఇంతమంది తలో చెయ్యీ వేస్తే నిలబడ్డ కాపురాన్ని మనం "మా ఇద్దరి అన్యోన్యత" అని చెప్పుకుంటాం!

మరి ఆ తలో చెయ్యీ లేని ఇళ్ళ సంగతేవిటి? ఇద్దరాడవాళ్ళో, ఇద్దరు మగవాళ్ళో ఒకరినొకరు కోరుకుని, ఒకే కప్పు కింద కాపురం చేస్తున్న ఇళ్ళ గురించి నేనంటున్నది. మొహం చిట్లించకండి. వింతలూ విడ్డూరాలూ చెప్పబోవడం లేదు. ఉప్పూ పప్పూ, అలకా బుజ్జగింపూ ఉన్న కాపురాల గురించే చెప్పబోతున్నాను.

నాకు తెలిసిన ఇద్దరమ్మాయిలున్నారు. హైదరాబాదులో ఒక అపార్టుమెంటులో ఉంటారు. ఇద్దరివీ మంచి ఉద్యోగాలు. ఇంటి ఓనరుగారికి "కజిన్స్" అని చెప్పుకున్నారు. ఒకరోజు మాటల్లో వాళ్ళలో చిన్నమ్మాయి, "మేం పోట్లాడుకునేది కూడా గుసగుసగానే ఆంటీ" అంది. అదేం ఖర్మే అంటే, "నీకు నా మీద ప్రేమ లేదు అని కజిన్స్ అరుచుకోరు కదా!" అంది. నవ్వుతూనే అంది గాని నాకు నవ్వు రాలేదు.

మనం అలా కాదు కదా. గిన్నెలు దబదబా పడేస్తాం. తలుపు ధడాల్న వేస్తాం. గోడ అవతలికి వినిపిస్తుందని తెలుసు, విననీ అనుకుంటాం. మర్నాడు పక్కింటావిడ "ఏవిటొదినా, రాత్రి రామరావణ యుద్ధమా?" అంటే సగం కోపం అక్కడే కరిగిపోతుంది. ఈ పిల్లలకి అలా అడిగేవాళ్ళు లేరు. పైగా అడుగుతారేమోనని భయం.

ఊరినుంచి అమ్మావాళ్ళొస్తున్నారంటే ముందురోజు వీళ్ళు ఇల్లు "సర్దుతారు". ఇద్దరూ కలిసి తీయించుకున్న ఫొటో బీరువాలోకి పోతుంది. రెండో గదిలో వాడని మంచంమీద కొత్త దుప్పటి పరుస్తారు, రోజూ ఎవరో పడుకుంటున్నట్టుగా. ఆ పూట తగాదా తప్పదట. దుప్పటి ఏ రంగుదన్న దగ్గర మొదలవుతుంది. తగాదా దుప్పటి గురించి కాదని ఇద్దరికీ తెలుసు.

చదువుకున్నవాళ్ళు దీనికి మైనారిటీ స్ట్రెస్ అని పేరు పెట్టారు. పదిమందిలో తక్కువవాళ్ళుగా ఉన్నందుకు, అందరికీ ఉండే చికాకులు కాక, పైన మోయవలసిన బరువన్నమాట. 1981లో వర్జీనియా బ్రూక్స్ అనే ఆవిడ, స్త్రీలను ప్రేమించే స్త్రీల గురించి రాసిన పుస్తకం పేరులోనే ఈ మాట పెట్టింది. తర్వాత ఐలన్ మేయర్ అనే పరిశోధకుడు 1995లో ఒకసారి, 2003లో ఒకసారి దాన్ని విడమరిచి చెప్పాడు. ఆయన చెప్పిన బరువులు నాలుగు. మొదటిది, నిజంగా జరిగే అవమానాలు: ఇల్లు ఖాళీ చెయ్యమనడం, ఉద్యోగంలో వేధింపులు, వీధిలో వెకిలి మాటలు. రెండోది, జరగకపోయినా ఎప్పుడు జరుగుతుందోనని కాచుకుని ఉండడం. ఇది మనకి బాగా తెలుసు. సందు చివర ఆకతాయిలుంటారని తెలిసిన ఆడపిల్ల, వాళ్ళు లేనిరోజు కూడా పైట సర్దుకుంటూనే నడుస్తుంది కదూ? మూడోది దాపరికం. నాలుగోది అన్నిటికన్నా చెడ్డది. లోకం అన్నమాటని కొన్నాళ్ళకి తామే నమ్మేసి, తమని తామే చిన్నచూపు చూసుకోవడం. నల్లపిల్ల, నల్లపిల్ల అని అదేపనిగా విన్నపిల్ల ఆఖరికి అద్దం చూడ్డం మానేస్తుందే, అలాగ.

ఒక మనిషికే ఇంత బరువైతే ఇద్దరు ఒక ఇంట చేరాక ఏమవుతుంది? చెరిసగం అవుతుందనుకుంటాం. ఒక్కోసారి రెట్టింపవుతుంది. ఇద్దరికీ ధైర్యం ఒకే పాళ్ళలో ఉండదు కదా. ఇద్దరబ్బాయిలున్న ఇల్లనుకోండి. ఒకడు ఇంట్లో చెప్పేశాడు, తిట్లు తిన్నాడు, గట్టున పడ్డాడు. రెండోవాడు ఇంకా చెప్పలేదు. వాడి చెల్లెలి పెళ్ళి శుభలేఖ వచ్చింది. మీద యథాప్రకారం "సకుటుంబ సపరివార సమేతంగా" అని అచ్చువేసి ఉంది. వాడు ఒక్కడే బయల్దేరాడు. "నేనెవర్ని?" అంటాడు ఇంట్లో మిగిలినవాడు. "ఫ్రెండువని చెప్తాను, రా" అంటాడు వెళ్ళేవాడు. "ఫ్రెండుగా వచ్చి బఫే లైన్లో ప్లేటు పట్టుకుని నిలబడనా?" అంటాడు వీడు. ఇందులో తప్పెవరిదో చెప్పండి చూద్దాం! ఇద్దరిదీ కాదు. కాని ఇంట్లో ఉన్నది ఆ ఇద్దరే గనక ఒకరిమీద ఒకరు విరుచుకుపడతారు.

అయితే ఆ కాపురాల్లోనే ఏదో లోపం ఉందంటారా? అమెరికాలో జాన్ గాట్‌మన్, రాబర్ట్ లెవెన్సన్ అనే ఇద్దరు పెద్దమనుషులు ఇలాంటి జంటల తగాదాలని పన్నెండేళ్ళపాటు గమనించి 2003లో ప్రకటించారు. మొగుడూపెళ్ళాలతో పోలిస్తే వీళ్ళు గొడవని మెత్తగా మొదలుపెడతారట. మధ్యలో హాస్యమాడతారట. పెత్తనం చెలాయించడం తక్కువట. (ఈ నాలుగు ముక్కలూ మీవారికి వినపడేలా పైకి చదవండి.) లోపం ఎక్కడుందో చెప్పే ముచ్చట ఇంకొకటుంది. 2004, 2005 సంవత్సరాల్లో అమెరికాలో కొన్ని రాష్ట్రాలు ఇలాంటి పెళ్ళిళ్ళు కూడదని సవరణలు చేసుకున్నాయి. ఆ రాష్ట్రాల్లో ఇటువంటివారిలో దిగులూ ఆందోళనా పెరిగాయి. సవరణలు లేనిచోట అలా పెరగలేదు. 2010లో వచ్చిన పరిశోధన ఇది. మనుషులు ఆ మనుషులే, కాగితంమీద ఒక వాక్యం మారింది, అంతే. ఇదేదో జబ్బనే వాళ్ళకి, ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే దీన్ని జబ్బుల పట్టికలోంచి తీసేసిందని గుర్తు చెయ్యండి.

మన దేశంలో 1860 నాటి 377వ సెక్షను కోరలు సుప్రీంకోర్టు పీకింది 2018 సెప్టెంబరు 6న. అప్పటిదాకా ఈ ప్రేమ నేరమే. 2021 డిసెంబరులో మన హైదరాబాదుకి చెందిన సుప్రియో, అభయ్ అనే ఇద్దరు, అయినవాళ్ళ మధ్య వేడుక చేసుకున్నారు. తర్వాత ఆ పెళ్ళిని చట్టం కూడా ఒప్పుకోవాలని సుప్రీంకోర్టుకి వెళ్ళారు. 2023 అక్టోబరు 17న కోర్టు ఒప్పుకోలేదు. పునఃపరిశీలన కోరినవారి మాట 2025 జనవరిలో తోసిపుచ్చారు. ఈలోగా 2024 ఆగస్టులో, ఇలాంటివాళ్ళు బ్యాంకులో ఉమ్మడి ఖాతా తెరవడానికీ, ఒకరినొకరు నామినీగా రాసుకోవడానికీ అడ్డేమీ లేదని కేంద్ర ఆర్థికశాఖ చెప్పింది. పోనీ, పాస్‌పుస్తకంలోనైనా రెండు పేర్లూ పక్కపక్కన పడ్డాయి. అదే ఏడాది డిసెంబరులో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, పుట్టింటివాళ్ళు పట్టుకుపోయిన ఒకమ్మాయిని, నీ ఇష్టమైన నేస్తంతో ఉండవచ్చు పొమ్మంది. కాని రాత్రి రెండింటికి ఆస్పత్రిలో కాగితంమీద సంతకానికి "మీరు పేషెంటుకి ఏమవుతారు?" అని అడిగితే, ఏళ్ళతరబడి కలిసి వండుకు తిన్న మనిషి ఏం చెప్పాలి?

చట్టం సంగతి పెద్దలు చూసుకుంటారు. తల్లులుగా మన చేతిలో ఒకటుంది. మన అమ్మాయి మొగుడితో పోట్లాడి వస్తే, "అందుకే పెళ్ళిళ్ళు మంచివి కావే" అంటామా? అనం. సర్దుకుపొమ్మంటాం. అదే ఆ చిన్నమ్మాయి, మనసు చెదిరి ఒకసారి తల్లికి ఫోను చేస్తే ఆవిడ ఏమందో తెలుసా? "చూశావా, నే చెప్పలేదూ? ఏలూరు సంబంధం ఇంకా ఖాళీగానే ఉంది." మనకి తగాదా తగాదాయే. వాళ్ళకి ప్రతి తగాదా ఒక తీర్పు. అందుకని ఆ పిల్ల మళ్ళీ తల్లితో చెప్పలేదు. కళ్ళు తుడుచుకుని, "ఏం లేదమ్మా, జలుబు" అంటుంది. తల్లి ఉండీ పుట్టిల్లు లేకపోవడమంటే ఇదే.

ఆ తల్లి చెడ్డదని కాదు. ఆవిడకి చెప్పినవాళ్ళు లేరు. 2021లో మధురైనుంచి పారిపోయి వచ్చిన ఇద్దరమ్మాయిల కేసు మద్రాసు హైకోర్టులో ఆనంద్ వెంకటేశ్‌గారి ముందుకొచ్చింది. ఈ విషయం తనకి తెలియదని ఆయన దాచుకోలేదు. మనస్తత్వ నిపుణురాలి దగ్గర కూర్చుని, తెలుసుకుని, అప్పుడు చెప్పారు తన మాట. అంతటి జడ్జిగారే పాఠం చెప్పించుకుంటే మనకి నామోషీ ఏవిటి?

మొన్నామధ్య కబురు తెలిసింది. ఆ తల్లి కూతురికి ఫోను చేసి, ఎప్పట్లా "తిన్నావా?" అనబోయి, కాస్త ఆగి, "తిన్నారా ఇద్దరూ?" అందిట. చిన్నది ఆ సంగతి చెబుతూ ఏడ్చేసింది, ఈసారి గుసగుసగా కాదు.

అటువంటి పిల్లలెవరైనా మీకు తెలిసుంటే, మీ ఇంట పెళ్ళికి శుభలేఖమీద ఇద్దరి పేర్లూ రాయండి. వచ్చాక ఒకే బంతిలో పక్కపక్కన కూర్చోబెట్టండి. ఇంటికెళ్ళాక పోట్లాడుకోరా? పోట్లాడుకుంటారు, బూరెలు బాగున్నాయా పులిహోర బాగుందా అని. ఆ మాత్రం తగాదా ప్రతి కాపురానికీ ఉండొద్దూ?