వరదగుడి

సంచికకు ఒక వ్యాసం ఇవ్వవలసిందని సంపాదకవర్గం వారు కోరినప్పుడు, ప్రబంధాలలోని ఋతువర్ణనల మీద ఏదో వ్రాద్దామనే కూర్చున్నాను. కలం సాగలేదు. నిరుడు వేసవిలో మా అబ్బా కాలిపుండు వెంట కర్నూలులోని ఒక ఆసుపత్రిలో గడిపిన దినాలే కళ్లముందు మెదలుతున్నవి. తెలుగు అయ్యవారికి సూక్ష్మజీవశాస్త్రంతో పనియేమని విజ్ఞానశాఖ మిత్రులు నవ్వవచ్చు. నవ్వనిండు.

అబ్బాకు చక్కెరవ్యాధి. ఆత్మకూరులో మా ఇంటి వాకిట మేకు గుచ్చుకొని బొటనవేలి ప్రక్కన చిన్న పుండు పడింది. నేను మందుల అంగడికి పోయి, వైద్యుని చీటీ లేకుండానే అజిత్రోమైసిన్ మాత్రలు తెచ్చాను. రెండు దినాలు మింగేసరికి వాపు తీసినట్లు తోచింది. మిగిలినవి అలమారాలో పడ్డవి. పదిరోజులకు పుండు మళ్లీ చీము పట్టింది. మళ్లీ అవే మాత్రలు, మళ్లీ సగమే. ఈ తంతు మూడుమార్లు జరిగింది. మాత్రల షీటు వెనుక నిలువునా ఒక ఎర్రగీత ఉన్నదని ఆసుపత్రికి పోయిన తరువాత గాని నేను గమనించలేదు. వైద్యుడు వ్రాసి ఇవ్వనిదే వాడరాదని దాని అర్థమట. 2016లో కేంద్రప్రభుత్వం ఆ గీతను గురించి దేశమంతటా ప్రచారం కూడా చేసింది. విద్యార్థుల సమాధానపత్రాలలో అక్షరదోషం కనబడితే ఎర్రసిరాతో గీత గీసేవాణ్ణి నేనే!

పాదం ఉబ్బి జ్వరం ముంచుకొచ్చిన నాడు, నందికొట్కూరు మీదుగా కర్నూలు చేర్చాము. డాక్టరుగారు పుండు కడిగి, లోపలినుండి చిన్న ముక్క తీసి ప్రయోగశాలకు పంపారు. "ఫలితం వచ్చేవరకు మేము అంచనా మీద మందు ఇస్తాము. మూడురోజులు ఓపిక పట్టండి. వేలు నిలిచేదీ లేనిదీ అప్పుడు చెబుతాను" అన్నారు. మూడురోజులు! వేలు నల్లబడుతూ ఉండగా మూడురోజులేమిటని నాలో నేను మండిపడ్డాను.

ప్రయోగశాల తలుపు దగ్గర ఒక యువకుడు నమస్కరించాడు. "మీ దగ్గర ఇంటర్ చదివినాను సార్." ఆ చనువుతో నన్ను గుమ్మంలోనే నిలబెట్టి, ఆ మూడురోజులు ఏమవుతాయో చూపించాడు.

మొదటినాడు ఆ ముక్కను రక్తం కలిపిన అగారు పళ్లెం మీద రాసి, 37 డిగ్రీల వేడిగల పెట్టెలో రాత్రంతా ఉంచుతారు. సూక్ష్మజీవి మన తొందరకు పెరగదు. రెండవనాటికి పసిడివన్నె చుక్కలు లేచాయి. రంగు వేసి సూక్ష్మదర్శినిలో చూపితే ద్రాక్షగుత్తులు! స్టెఫైలోకోకస్ ఆరియస్ అని దాని పేరు. గ్రీకులో స్టెఫైలే అంటే ద్రాక్షగుత్తి, లాటిన్‌లో ఆరియస్ అంటే బంగారువన్నెది. పేరు పెట్టినవాడెవరో గాని కవిహృదయం కలవాడే. ఆ చుక్కలను మరొక పళ్లెం నిండా పలుచగా అలికి, ఒక్కొక్క మందుతో తడిపిన 6 మిల్లీమీటర్ల కాగితపుబిళ్లలను పైన పేర్చాడు. మళ్లీ ఒక రాత్రి.

మూడవనాటి ఉదయం ఆ పళ్లెం చూసినప్పుడు మా నాన్నమ్మ మాట గుర్తుకొచ్చింది. చంద్రుని చుట్టూ వరదగుడి కట్టినప్పుడు, గుడి దూరమైతే వాన దగ్గర అనేది ఆమె. మన ఎండుసీమలో ఆ గుడికోసం చూడని కళ్లున్నవా? బిళ్ల చుట్టూ సూక్ష్మజీవి మొలవని వలయం కూడా అలాంటి గుడియే. "ఒక మాట సార్," అన్నాడు శిష్యుడు, "గుడి పెద్దదైనంత మాత్రాన గొప్ప మందు అనుకోరాదు. ఒక్కో మందుకు ఒక్కో కొలత ఉంది." సెఫాక్సిటిన్ బిళ్లకు 22 మిల్లీమీటర్ల గుడి కట్టవలసి ఉండగా 14 వచ్చింది. ఆ ఒక్క కొలతతో పెన్సిలిన్ వంశం దాదాపు అంతా పనికిరాకుండా పోయినట్లే. మెథిసిలిన్‌కు లొంగని ఈ జాతిని ఇంగ్లండులో 1961లోనే గుర్తించారట. అజిత్రోమైసిన్‌కు అన్నగారైన ఎరిత్రోమైసిన్ చుట్టూ గుడియే లేదు.

అన్నింటికంటె నన్ను భయపెట్టింది క్లిండామైసిన్ బిళ్ల. దాని చుట్టూ విశాలమైన గుడి ఉన్నది. హమ్మయ్య అనుకున్నాను. అతడు పళ్లెం వెలుతురుకు ఎత్తి, ఎరిత్రోమైసిన్ వైపున ఆ గుడి నొక్కినట్లు చదునుగా ఉండడం చూపాడు. ఇంగ్లీషు 'డి' అక్షరం ఆకారం. ఎరిత్రోమైసిన్ సోకినచోట ఈ క్రిమికి దాచుకున్న విద్య మేలుకొంటుంది. ఆ రెండు బిళ్లలను ప్రక్కప్రక్కన పెట్టకపోతే అది బయటపడదు. పైకి లొంగినట్లున్న ఆ మందే ఇచ్చి ఉంటే, చికిత్స నడుమ అది తిరగబడి ఉండేది.

"ఇదంతా నా మాత్రల వల్లనేనా?" అని అడిగాను.

"ఆ సంగతి ఈ పళ్లెం చెప్పదు సార్. ఈ జాతి ఆసుపత్రుల్లోనూ ఊళ్లల్లోనూ తిరుగుతానే ఉంది." నా ముఖం చూసి కాబోలు, మెల్లగా చెప్పాడు. కాని 1945లో నోబెల్ బహుమతి అందుకొంటూ అలెగ్జాండర్ ఫ్లెమింగ్ చెప్పిన కథ తరువాత చదివాను: ఒకడు గొంతునొప్పికి తానే పెన్సిలిన్ కొని, చాలీచాలకుండా పుచ్చుకొని, క్రిములకు ఎదురుతిరగడం నేర్పి, వాటినే భార్యకు అంటిస్తాడు, ఆమె చనిపోతుంది. ఆ మనిషికి ఫ్లెమింగ్ పేరు పెట్టలేదు. నా పేరు పెట్టి చదువుకున్నాను.

గుడి నిండుగా కట్టిన బిళ్లలలో డాక్సీసైక్లిన్ ఒకటి. డాక్టరుగారు దానినే ఎంచుకున్నారు. టెట్రాసైక్లిన్ కుటుంబంలోనిది అది. ఆ కుటుంబానికి ఆదిమందు ఆరియోమైసిన్. భీమవరంలో 1895లో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో పరిశోధనలకు సారథ్యం వహించిన లెడర్లీ సంస్థలో బెంజమిన్ డగ్గర్ కనిపెట్టగా, 1948లో లోకానికి తెలిసింది. ఆ పేరులోనూ బంగారమే. వార్డులో నర్సమ్మ అబ్బా మంచాన్ని మూలకు జరిపి, తాకినప్పుడల్లా చేతులు కడుక్కొనేది. ప్రక్కమంచం వారికి సోకకుండా అని తెలియక, మమ్మల్ని వెలివేసినట్లు అబ్బా నొచ్చుకున్నారు.

వేలు నిలిచింది. ఇంటికి వచ్చాక మాత్రలు పదునాలుగు దినాలు పూర్తిగా మింగాలి. అయిదవనాటికే పుండు మానుముఖం పట్టింది. "ఇక చాలులే" అని అబ్బా అనలేదు. చివరినాటి రాత్రి ఖాళీ షీటు నా చేతిలో పెట్టి, "గిన్‌లే బేటా" అన్నారు. లెక్కపెట్టుకున్నాను.