కొత్తదే కొనమన్నాడు నాయిన

"బిడ్డా, నేను బతుకంతా సెకండ్ హ్యాండే కొన్న. నువ్వన్నా కొత్తది కొను."

2025 దసరాకి ఇంటికి పోయినప్పుడు నాయిన అన్న మాట ఇది. మాది మాడుగులపల్లి దగ్గర పల్లె. నార్కట్‌పల్లి–అద్దంకి రోడ్డు మీద పోయేవాళ్ళకి మాడుగులపల్లి అంటే టోల్‌గేటు. మాకు మాత్రం కాల్వ నీళ్ళు, వరి, కోతలయ్యాక మిర్యాలగూడ మిల్లులకి వడ్ల లోడు.

నాయిన చెప్పింది అబద్ధం కాదు. మా ట్రాక్టర్ పాతది. టీవీఎస్ బండి పాతది. పదో తరగతిలో నేను తొక్కిన సైకిలు మా మేనమామ కొడుకుది. అందుకే ఆడి ఏ4 కొనాలనుకుంటున్నా అనగానే ఆయన ధర అడగలేదు, మైలేజీ అడగలేదు. "షోరూమ్‌దేనా?" అని మాత్రం అడిగాడు.

నేనేమో అప్పటికే ఎక్సెల్ షీట్ తెరిచి కూర్చున్నా.

సెప్టెంబర్ 22న జీఎస్టీ మారింది. పెద్ద సెడాన్ల మీద సెస్‌తో కలిపి 48 శాతం ఉన్న పన్ను 40కి దిగింది. "ఇదే టైమ్ రా" అని ఫ్రెండ్స్ ఒకటే గోల. సరే అని లెక్క వేశా. నేను చూసిన వేరియంట్ షోరూమ్ ధర సుమారు 50 లక్షలు. దాని మీద మన లైఫ్ ట్యాక్స్ దాదాపు ఐదో వంతు, అంటే 10 లక్షలు. ఇన్సూరెన్స్, మిగతావి కలిపితే బండి రోడ్డెక్కేసరికి 62 లక్షలు దాటుతుంది. నా దగ్గరున్నది 16 లక్షలు. మిగతా 46.5 లక్షలకి 9 శాతం వడ్డీతో ఏడేళ్ళ లోన్ తీసుకుంటే నెలకి 75 వేల ఈఎంఐ. ఏడేళ్ళలో వడ్డీయే 16 లక్షలు. అంటే ఇన్నాళ్ళు దాచుకున్నదంతా ఒక్క వడ్డీకే సరి.

అదే కారు, 2023 మోడల్, 20 వేల కిలోమీటర్లు తిరిగింది 36 లక్షలకి దొరుకుతోంది. లైఫ్ ట్యాక్స్ మొదటి ఓనరే కట్టేశాడు కాబట్టి మన రాష్ట్రం బండైతే మళ్ళీ కట్టక్కర్లేదు. ఢిల్లీ నుంచి చవగ్గా తెద్దామంటే మాత్రం ఇక్కడ ట్యాక్స్ కట్టాలి, ఆ చవక అక్కడే కరిగిపోతుంది. పాత కారు లోన్‌కి వడ్డీ ఎక్కువ, 11 శాతం. అయినా 20 లక్షలు ఐదేళ్ళకి తీసుకుంటే ఈఎంఐ 43,500.

మార్చిలో మా టీమ్‌లో ఇద్దరికి హెచ్‌ఆర్ నుంచి మెయిల్ వచ్చింది. ఇద్దరూ నాకంటే సీనియర్లే. ఆ రోజు నుంచి నా జీతాన్ని నేను ఏడేళ్ళ లెక్కలో చూడటం మానేశా.

ఇదంతా నాయినకి చెప్పా. ఓపిగ్గా విన్నాడు. "మంచిదే. కానీ టీఎస్ నంబరు ఉంటది కదరా" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. 2024 మార్చి నుంచి కొత్త బండ్లకి టీజీ నంబర్లు వస్తున్నాయి. అంటే టీఎస్ ప్లేటుతో ఊళ్ళోకి పోతే కారు కొత్తది కాదని చిన్న పిల్లాడికి కూడా తెలిసిపోతుంది. ఆయన బాధ డబ్బు గురించి కాదు.

సరే, ఒకసారి వచ్చి చూడు అని హైదరాబాద్ తీసుకొచ్చా. ఒక పాత కార్ల షాపులో తెల్ల ఏ4. 2023 మోడల్, 33 లక్షలే. పెయింట్ అద్దంలా మెరుస్తోంది. టెస్ట్ డ్రైవ్ బాగుంది. 50 వేలు టోకెన్ కొడదామని ఫోన్ తీశా. నాయిన వెనక సీట్లో కూర్చుని సీట్ బెల్ట్ లాగుతున్నాడు. వెనక బెల్ట్ పెట్టుకోవడం ఆయనకి అలవాటు లేదు. ఎంతవరకు లాగాలో తెలియక చివరిదాకా లాగేశాడు.

"ఇగో, ఇటు సూడు."

బెల్ట్ చివర్న, ఎప్పుడూ లోపల చుట్టుకుని ఉండే చోట, సన్నటి బూడిదరంగు గీత. గోరుతో గీకి, వేళ్ళ మధ్య నలిపాడు. "ఇది రోడ్డు దుమ్ము కాదురా, ఒండ్రు. బండి నీళ్ళల్ల మునిగింది."

డిక్కీలో అడుగు పలక ఎత్తించాం. మూలల్లో అదే మట్టి, బోల్టుల మీద తుప్పు. షాపతను "వాటర్ వాష్ లో అయ్యుంటది సార్" అన్నాడు. నాయిన నవ్వి బయటికి నడిచాడు.

ఆ కారు ఎక్కడ మునిగిందో నాకు తెలీదు. కానీ 2024 సెప్టెంబర్ మొదట్లో మా పక్కన ఏం జరిగిందో అందరికీ తెలుసు. కోదాడ మునిగింది. నడిగూడెం దగ్గర సాగర్ ఎడమ కాల్వకి గండి పడింది. విజయవాడలో బుడమేరు పొంగి కాలనీలకి కాలనీలే నీళ్ళలో ఉన్నాయి. అలా మునిగిన బండికి రిపేరు ఖర్చు దాని బీమా విలువలో 75 శాతం దాటితే కంపెనీ టోటల్ లాస్ కింద లెక్కకట్టేస్తుంది. తర్వాత ఆ బండి వేలంలో ఎవరో ఒకరి చేతికి పోతుంది. వాళ్ళు కడిగి, ఆరబెట్టి, పాలిష్ కొట్టి అమ్మితే మనలాంటి వాళ్ళ ముందుకొస్తుంది. లగ్జరీ కార్లలో వైరింగ్, కంట్రోల్ యూనిట్లు సీట్ల కింద, కార్పెట్ కింద కూడా ఉంటాయి. తుప్పు నెమ్మదిగా తింటుంది. ఆరు నెలలకో ఏడాదికో ఒక్కోటీ మొరాయించడం మొదలవుతుంది.

తిరిగొస్తుంటే, "ఇక కొత్తదే అంటావు కదా" అన్నా. నాయిన కాసేపు మాట్లాడలేదు. "లేదురా. ట్రాక్టర్ కొన్ననాడు అమ్మినాయనతోనే బురద పొలంల సగం దినం దున్నిపిచ్చిన, తర్వాతే పైసలిచ్చిన. పాతది కొనుడు తప్పు కాదు. సూడకుంట కొనుడు తప్పు. నాకైతే కొత్తది కొనే దారి లేకుండె. నీకుంది కదా అని అన్న, అంతే."

తర్వాత నెల రోజులు వెతికా. చివరికి ఒక డాక్టర్ గారి కారు దొరికింది. ఒకే ఓనర్, 36 లక్షలు, టీఎస్ నంబరు. ఈసారి ఛాసిస్ నంబరుతో సర్వీస్ రికార్డు మొత్తం తీయించా. ఇన్సూరెన్స్ క్లెయిములు చూశా. టైర్ల మీద నాలుగంకెల తేదీ చదివా. మెకానిక్ స్కానర్ పెట్టి ఎర్రర్ కోడ్‌లు చూశాడు. నాయిన ఐదు బెల్టులూ చివరిదాకా లాగాడు. బ్యాంకు ఎన్ఓసీ, ఫామ్ 35, పేరు మార్పుకి ఫామ్ 29, 30, ఇన్సూరెన్స్ నా పేరు మీదికి, అన్నీ అయ్యాయి. సర్వీసు, టైర్ల కోసం 2 లక్షలు పక్కన పెట్టా.

పదేళ్ళు ఒకే కారు నడిపేవాళ్ళకి, వారంటీ లేకపోతే నిద్ర పట్టనివాళ్ళకి కొత్తదే మంచిది. మొదటి మూడేళ్ళలో పోయే విలువ వాళ్ళకి పదేళ్ళ మీద సర్దుకుంటుంది. నేను ఐదేళ్ళ మనిషిని, ఇంకొకరి నష్టంతో మొదలుపెట్టడమే నాకు లాభం.

కారు తీసుకుని ఇంటికి బయల్దేరాం. పంతంగి దాటాం, మాడుగులపల్లి గేటు దాటాం. ఊరు ఇంకాస్త దూరం ఉందనగా ఫోన్ మోగింది. డాక్టర్ గారు.

"బాబూ, ఫాస్టాగ్ ఇంకా నాదే ఉన్నట్టుంది. మాడుగులపల్లిలో కట్ అయిందని ఇప్పుడే మెసేజ్ వచ్చింది. క్షేమంగా చేరారు కదా?"

అన్ని ఫామ్‌లూ నింపి అదొక్కటే మర్చిపోయా. సారీ చెప్పి, టోల్ డబ్బులు ఫోన్‌లోనే పంపించి, అదే రాత్రి నా పేరు మీద కొత్త ఫాస్టాగ్‌కి అప్లై చేశా.

ఇంటి ముందు కారు ఆగగానే పక్కింటి మామ నంబరు ప్లేటు వంక చూసి, "పాతదా?" అన్నాడు.

"పాతదే" అన్నాడు నాయిన, డోరు మెల్లగా వేస్తూ. "నేనే చూసి తెచ్చిన."