అంబోసెలి: కొండ నీటితో బతికే ఏనుగుల సీమ

కెన్యా దక్షిణాన, టాంజానియా సరిహద్దు పక్కనే అంబోసెలి జాతీయ పార్కు ఉంది. విస్తీర్ణం 392 చదరపు కిలోమీటర్లు. ఎదురుగా 5,895 మీటర్ల కిలిమంజారో. కొండ టాంజానియాది. దాన్ని కంటినిండా చూపించేది మాత్రం ఈ మైదానం.

ఇక్కడ ఏడాదికి సగటున 350 మిల్లీమీటర్ల వాన కూడా పడదు. ఎండిపోయిన పాత సరస్సు అడుగున తెల్లటి ఉప్పుమన్ను గాలికి సుడులు తిరుగుతుంది. ఆ దుమ్ము నడుమే ఏడాది పొడవునా తడి ఆరని చిత్తడి నేలలున్నాయి. ఆ నీరు కిలిమంజారో మంచు కరిగి వచ్చిందని చాలామంది నమ్మకం. నిజానికి అందులో ఎక్కువ భాగం కొండ నడుమున ఉన్న దట్టమైన అడవుల మీద కురిసిన వానే. అది అగ్నిపర్వత శిలల్లోకి ఇంకి, భూమి లోపలే పారి, ఇక్కడ ఊటలై పైకొస్తుంది. కొండ మీద అడవి ఉంటేనే కింద ఊట ఉంటుంది.

ఏనుగులు పొద్దెక్కుతుండగా బారులు తీరి చిత్తడికి వస్తాయి. పొట్ట మునిగేలా దిగి, తుంగ పీక్కుని మేస్తుంటే వీపుల మీద తెల్లకొంగలు వాలతాయి. అడవిదున్నలు, జీబ్రాలు, నీటిగుర్రాలు కూడా ఇక్కడికే చేరతాయి. వాటి కోసం సింహాలు, హైనాలు. జులై నుంచి అక్టోబరు దాకా వానలుండవు కాబట్టి జంతువులు నీటి దగ్గరే కనిపిస్తాయి. తెల్లవారుజామునే బయల్దేరితే మబ్బు కమ్మకముందే కిలిమంజారో శిఖరాన్నీ చూడొచ్చు.

ఈ ఏనుగుల గురించి ప్రపంచానికి ఇంత తెలిసిందంటే 1972లో సింథియా మాస్ మొదలుపెట్టిన పరిశోధనే కారణం. చెవి అంచుల చిరుగులను, దంతాల వంపును బట్టి ఒక్కో ఏనుగునూ గుర్తుపట్టి, కుటుంబాలవారీగా వాటి చరిత్ర రాసుకుంటూ వస్తున్నారు. గుంపుకు పెద్దదిక్కు వయసు మళ్లిన ఆడ ఏనుగు. కరువొస్తే నీరు, మేత ఎక్కడ దొరుకుతాయో దాని జ్ఞాపకమే దారి చూపిస్తుంది. అలా ఎన్నో ఏళ్లు తన కుటుంబాన్ని నడిపించిన ‘ఎకో’ 2009 కరువు కాలంలో కన్నుమూసింది. ఆ కరువుకు వైల్డ్‌బీస్ట్‌లు మందలు మందలుగా చనిపోయాయి.

392 చదరపు కిలోమీటర్లు ఏనుగులకు చాలవు. వానలు పడగానే అవి చుట్టూ ఉన్న మసాయి పశుపాలకుల భూముల్లోకి వెళ్లిపోతాయి. 1974లో జాతీయ పార్కు ఏర్పడినప్పుడు మసాయిలు తరతరాలుగా పశువులను మేపుకున్న నేలనూ నీటినీ వదులుకోవాల్సి వచ్చింది. అయినా వన్యప్రాణులు ఈనాటికీ వారి భూముల్లోనే తిరుగుతున్నాయి. ఇప్పుడు ఆ ఉమ్మడి బీళ్లు సొంత కమతాలుగా విడిపోతున్నాయి. పార్కుకు దగ్గర్లోని కిమానా వైపు ఊటనీటితో టమాటా, ఉల్లి సాగు పెరిగింది. కంచె వేసిన ప్రతిచోటా ఏనుగుల దారి తెగుతుంది.

అంబోసెలికి వెళ్లేవారు పార్కుతోనే సరిపెట్టుకోకండి. మసాయిల భూముల్లో నడిచే సంరక్షణ క్షేత్రాల్లో ఒక్క రాత్రయినా బస చేయండి. భూమిని తెరిచి ఉంచినందుకు వారికి ఆదాయం వచ్చినంత కాలమే ఏనుగుకు దారి ఉంటుంది.