పెడల్‌కి కాస్త ఖాళీ

మా ఇంటికి అన్నం పెట్టేది ఒక పికప్ బండి. గాజువాక ఆటోనగర్‌లో ఇనుప సామాను ఎక్కించుకుని నాన్న ఒకరోజు అనకాపల్లి వైపు, ఒకరోజు పోర్టు వైపు వెళ్తాడు. ట్రెయిలర్ల వెనక అడుగడుక్కీ ఆగుతూ సాగాలి. రోజంతా క్లచ్ తొక్కీ తొక్కీ రాత్రికి ఎడమ మోకాలు వాచిపోతుంది.

ఈ వేసవిలో ఆ పెడల్ మెత్తబడింది. ఒకసారి తొక్కితే గేరు గరగరమనేది, రెండోసారికి పడేది. "రెండుసార్లు పంపు కొడితే సరిపోద్దిలే" అని నాన్న అలాగే నడిపాడు. షెడ్డులో పెడితే ఆ రోజు కిరాయి పోతుంది. ఈఎంఐ మాత్రం ఆగదు కదా!

హైడ్రాలిక్ క్లచ్‌లో కేబుల్ ఉండదు. పెడల్ తొక్కితే మాస్టర్ సిలిండర్ ద్రవాన్ని తోస్తుంది. ఆ ఒత్తిడి గేర్‌బాక్స్ దగ్గరున్న స్లేవ్ సిలిండర్‌కి చేరి క్లచ్‌ని విడదీస్తుంది. 17వ శతాబ్దంలో పాస్కల్ చెప్పిన సూత్రమే. ద్రవం కుదించుకుపోదు, గాలి కుదించుకుపోతుంది. లైన్‌లో బుడగలు చేరితే పెడల్ కదలికలో కొంత వాటిని నొక్కడానికే ఖర్చవుతుంది. మిగిలింది క్లచ్ విడిపోవడానికి చాలదు.

స్లేవ్ సిలిండర్ రబ్బరు తొడుగు లాగి చూస్తే లోపలంతా తడి. సీలు పోయింది. మనం బ్రేక్ ఆయిల్ అనే ఈ డాట్ 3 ద్రవం గాల్లో తేమని పీల్చుకుంటుంది. కొత్తదాని మరుగు స్థానం కనీసం 205 డిగ్రీలు ఉండాలి. తేమ పట్టినదానికి ఆ హద్దు 140. సముద్రపు గాలికి ఇంటి గేటే తుప్పు పట్టే మన ఊళ్లో సిలిండర్ గోడ ఎన్నాళ్లు నునుపుగా ఉంటుంది? గరుకైన గోడ మీద రబ్బరు అరిగిపోతుంది. అందుకే రెండేళ్లకోసారి ఆయిల్ మార్చమంటారు.

మేస్త్రి సీల్ కిట్టు వేశాక గాలి తీసే పని మా ఇద్దరికీ అప్పజెప్పాడు. నాన్న సీట్లో, నేను పానా పట్టుకుని బండి కింద. "తొక్కి పట్టుకో నాన్నా" అని నిపుల్ వదులు చేస్తే ట్యూబులోంచి సీసాలోకి బుడగలు. నిపుల్ బిగించాకే "ఇప్పుడు వదులు". ఈ వరస తప్పినా, పైన డబ్బాలో ఆయిల్ అయిపోయినా గాలి మళ్లీ లోపలికే. ఇన్నేళ్లూ నాకు చెప్పిన మనిషి ఆ అరగంటా నా మాట ప్రకారమే కాలు కదిపాడు.

చివర్లో నాన్న పెడల్‌ని వేలితో నొక్కి, "ఇంకా కొంచెం వదులుంది, బిగించెయ్" అన్నాడు. "అది ఉండాలన్నా" అన్నాడు మేస్త్రి. పుష్‌రాడ్‌కీ పిస్టన్‌కీ మధ్య ఆ సన్నటి ఖాళీ లేకపోతే పిస్టన్ పూర్తిగా వెనక్కి రాదు. డబ్బావైపు రంధ్రం తెరుచుకోదు. ఒత్తిడి లైన్‌లోనే చిక్కుకుంటుంది. ఎవరూ తొక్కకపోయినా క్లచ్ సగం తొక్కినట్టే ఉండి, జారి జారి కాలిపోతుంది. ఎంత ఖాళీ అన్నది బండి మాన్యువల్‌లో చూసి లాక్‌నట్‌తో సర్దాలి.

పెడల్‌కి ఎంత ఖాళీ కావాలో మాన్యువల్‌లో మిల్లీమీటర్లలో రాసుంటుంది. తొక్కే మోకాలికి ఎంతో ఎవరూ రాయలేదు. ఆదివారం కిరాయి ఒప్పుకోవద్దని నాన్నని అడిగాను. ఇంకా సరేననలేదు. కానీ పోయిన ఆదివారం మాత్రం బండి తీయలేదు.