ఆరుగురు ఉపాధ్యాయులు, ఒక విద్యార్థి

విద్యను గురించి మన చర్చంతా రెండు కొనల వద్దనే జరుగుతూంటుంది. అక్షరాభ్యాసం ఒక కొన, పదో తరగతి ఫలితాలు మరొక కొన. నడుమనున్న ఆరు, ఏడు, ఎనిమిది తరగతులను పట్టించుకొనేవారు తక్కువ. కాని పిల్లవాడు చదువులో నిలిచేదీ, జారిపోయేదీ తేలేది అక్కడనే అని నా అభిప్రాయం.

ఐదో తరగతి వరకు సాధారణంగా ఒకరిద్దరు ఉపాధ్యాయులే అన్నీ చెబుతారు. పిల్లవాడికి ఏది వచ్చునో, ఏది రాదో వారికి తెలుసు. ఆరులో అడుగు పెట్టగానే తెలుగు, హిందీ, ఇంగ్లీషు, లెక్కలు, సైన్సు, సాంఘికం—ఒక్కొక్కదానికి ఒక్కొక్కరు. ప్రతి ఉపాధ్యాయుడికీ ఆ పిల్లవాడిలో ఒక ముక్క తెలుసు. మొత్తం మనిషి ఎవరికీ తెలియడు.

నేను ఉప్పల్‌లో ఒక కళాశాలలో తెలుగు చెబుతాను. నాచారం పారిశ్రామిక వాడకు దగ్గరలోని ఒక బడిలో నాకు మిత్రులున్నారు గనుక అక్కడికి తరచు వెళుతూంటాను. వరంగల్ రోడ్డు పట్టుకొని పని వెతుక్కుంటూ వచ్చిన కుటుంబాల పిల్లలు అక్కడ చదువుతున్నారు. ఒడిశా, బీహారు కార్మికుల బిడ్డలూ ఉన్నారు. ఇంట్లో ఒక భాష, వీధిలో ఒక భాష. 2022-23లో ప్రభుత్వ బడులలో ప్రవేశపెట్టిన ఇంగ్లీషు మాధ్యమం వీటికి తోడు.

అక్కడ ఏడో తరగతి కుర్రవాడొకడు లెక్కల్లో సున్న అని పేరుపడ్డాడు. రెండు భాషలూ ఎదురెదురుగా అచ్చయిన పుస్తకంలో తెలుగు పుటే వాడికి దిక్కు. ఒకనాడు మధ్యాహ్న భోజనాల వేళ లెక్కల మాస్టారు వాడి నోటుపుస్తకం తెలుగు టీచరు ముందు పెట్టారు. 'వ్యాసార్ధం' అని ఉండవలసిన ప్రతిచోటా 'వ్యాసార్థం' అని ఉంది. ఆమె పిలిచి అడిగితే తేలినదేమిటి? వాడికి తెలిసిన వ్యాసం తెలుగు పరీక్షలో రాసే వ్యాసం. దాని అర్థమే వ్యాసార్థమని వాడి ఊహ! వాడికి రానిది లెక్క కాదు, మాట. మర్నాడు ఆమె సవర్ణదీర్ఘ సంధికి ఉదాహరణగా వ్యాసాన్నీ, సగమనే అర్థమిచ్చే 'అర్ధా'న్నీ కలిపి చూపారు. అది విని సైన్సు టీచరు, "కిరణజన్య సంయోగక్రియను కూడా కాస్త విప్పిపెట్టండి మేడమ్" అన్నారు.

ఆ కుర్రవాడు మేధావి అయిపోయాడని నేననను. వృత్తం లెక్కలు చేస్తున్నాడు; తెలియనిది లేచి అడుగుతున్నాడు. అది చిన్న విజయమా?

అయితే ఈ మాటలు జరిగినది అన్నం తినే వేళ. కాలపట్టికలో వీటికి చోటు లేదు. విద్యాహక్కు చట్టం ఉపాధ్యాయుడికి వారానికి కనీసం 45 పనిగంటలు విధిస్తూ, పాఠానికి సిద్ధమయ్యే సమయాన్ని కూడా అందులో చేర్చింది. జనాభా లెక్కలకూ, ఎన్నికలకూ ఉపాధ్యాయులను వాడుకోవచ్చునని చెప్పినదీ ఆ చట్టమే. 1964-66 నాటి కొఠారీ కమిషన్ పాఠశాల సముదాయాలను సిఫారసు చేసింది. ఆ సమావేశాలలో వేర్వేరు బడుల లెక్కల మాస్టార్లు ఒకచోట కూర్చుంటారు. మంచిదే. కాని ఒకే పిల్లవాడికి పాఠం చెప్పే ఆరుగురు ఒకచోట కూర్చునేదెప్పుడు? జపానులో ఉపాధ్యాయులు కలిసి పాఠం తయారుచేసి, ఒకరు చెబుతూంటే తక్కినవారు చూసి, తరువాత చర్చిస్తారు. అది వారి ఉద్యోగంలో భాగం, ఉదారత కాదు.

"ఇదీ ఇంకొక రిజిస్టరవుతుంది" అని మిత్రులు కొందరంటారు. ఆ భయం నిజమైనదే. పైనుంచి ఉత్తరువుగా దిగితే సమష్టి కృషి ఒక గడి నింపడంగా మారుతుంది. అందువల్ల కావలసినది నివేదిక కాదు, సమయం: వారానికి ఒక పీరియడు, ఒక తరగతి ఉపాధ్యాయులందరికీ, ఆ తరగతి పిల్లలను గురించి మాట్లాడుకోవడానికి. ఖాళీ పోస్టులు నింపకుండా ఆ పీరియడు దొరకదన్నది కూడా స్పష్టమే.

దీనికి ఇంత పట్టుదల ఎందుకు? ఉచిత నిర్బంధ విద్యాహక్కు 14 ఏళ్ళతో ముగుస్తుంది. 2016లో సవరించిన బాలకార్మిక చట్టం ప్రకారం 14 నిండినవారికి ప్రమాదకరమైన పనులు మాత్రమే నిషిద్ధం. అంటే ఎనిమిదో తరగతి దాటేసరికి బడి తలుపు తెరుచుకుంటుంది, షెడ్డు తలుపూ తెరుచుకుంటుంది. చదువు తనకు రాదని నమ్మిన పిల్లవాడు ఏ తలుపు తడతాడో నాచారంలో ఎవరినడిగినా చెబుతారు.