గడ్డం కింద పట్టీ

పాత మిల్లు మనుషులు ఎవరైనా ఏదో ఒకటి రాసివ్వండి అని పోయిన నెల మన పత్రికలో అడిగినారు. నా చదువు అయిదో క్లాసు. నాకు వచ్చినట్టు రాసినాను, మా మనవరాలు అక్షరాలు దిద్దింది. ఇంకా తప్పులుంటే అవి నావి, ఆ పిల్లవి కావు. మిల్లు కథలు అందరూ రాస్తున్నారు కదా, నేను హెల్మెట్ గురించి రాస్తాను. నవ్వొద్దు. చివరికి అది కూడా మిల్లు కథే అని నాకు ఈ మధ్యనే తెలిసింది.

మాది పురసవాక్కం, గంగాధీశ్వరర్ కోయిల్‌కి దగ్గర సందు. పురసు అంటే మన మోదుగ చెట్టే, ఆ చెట్టు పేరుమీద వచ్చిన ఊరు. మా నైన నెల్లూరు జిల్లా నుంచి చిన్నప్పుడే వచ్చి బిన్నీలో, అంటే బకింగ్‌హామ్ కర్నాటిక్ మిల్లులో చేరినాడు. రెండో యుద్ధం అప్పుడు సైన్యానికి ఖాకీ నేసినోళ్ళలో ఆయన ఒకడు. నాకు ఆ మిల్లులో చోటు దొరకలేదు. 1978లో ఇంకో చిన్న మిల్లులో మగ్గం మీద చేరినాను. పేరు రాయను, అది ఇప్పుడు లేదు.

మగ్గం మీద పనిచేసినోళ్ళకి తెలుసు, నాడె అంటే ఏమిటో. షటిల్ అంటాం మిల్లులో. కొయ్యతో చేసి రెండు కొనలకీ ఇనుప మొన ఉంటుంది. నిమిషానికి నూటయాభై సార్లకి పైగా ఇటునుంచి అటు పోతుంది. దారి తప్పిందంటే తుపాకీ గుండు మాదిరి బయటికి ఎగురుతుంది. అందుకే మగ్గం ముందర ఒక ఇనుప కమ్మీ ఉంటుంది, షటిల్ గార్డు. అది దించి ఉండాలని రూలు. దించితే పోగు తెగినప్పుడు చేయి పెట్టి ముడి వేయడానికి అడ్డం. మాకు గజాల లెక్కన కూలి. అందుకని పైకి ఎత్తి కట్టేసేవాళ్ళం. ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టరు గేటు దగ్గరికి వచ్చినాడని కబురు రాగానే షెడ్డు మొత్తం గార్డులు టకటకా దిగేవి. ఆయన పోగానే మళ్ళా పైకి. ఆయన్ని మోసం చేశామని మాకు సంతోషం!

1981లో నా ఎడమ కనుబొమ మీద తగిలింది. ఏడు కుట్లు. అరంగుళం కిందికి తగిలుంటే కన్ను పోయేది. పక్కమగ్గం మామ నా రక్తం తుడిచి, తన గార్డు దించకుండానే మళ్ళా పనిలో నిలబడినాడు. నేనూ వారానికి తిరిగి వచ్చి నా గార్డు ఎత్తే పెట్టుకున్నాను.

చెవుల సంగతి కూడా అంతే. దూది పెట్టుకోమంటే ఎవరు పెట్టుకున్నారు? షెడ్డులో పెదాలు చూసి మాట్లాడుకోవడం అలవాటైపోయింది. ఆ చప్పుడు వంద డెసిబెల్ దగ్గర ఉంటుందని, రోజంతా వింటే చెవి నరం చచ్చిపోతుందని రిటైరైన తర్వాత చెవుల డాక్టరు చెప్పినాడు. ఇప్పుడు నాకు కుడిచెవి దాదాపు లేదు, ఎడమచెవి సగం.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, గార్డు బుద్ధి మనిషిని అంత సులభంగా వదలదు.

మిల్లు మూసినాక ఒక పాత టీవీఎస్ 50 కొన్నాను. సౌకార్‌పేట నుంచి చీరల మూటలు తెచ్చి పురసవాక్కం, అయనావరం అంగళ్ళకి వేసే పని. 2007లో తమిళనాడులో హెల్మెట్ తప్పనిసరి అన్నారు. చట్టం మాత్రం 1988 నుంచే ఉంది, 129వ సెక్షను, కానీ అప్పటిదాకా ఎవరు పట్టించుకున్నారు? రోడ్డు పక్కన కుప్ప పోసి అమ్ముతుంటే నూటయాభై రూపాయలకి నల్లది ఒకటి తెచ్చుకున్నాను. దాని చోటు నా తల కాదు, హ్యాండిలు. డౌటన్ సిగ్నల్లో తెల్లచొక్కా కనిపిస్తే తలమీదికి వచ్చేది, దాటినాక మళ్ళా హ్యాండిలుకి. పట్టీ పెట్టుకున్న గుర్తు నాకు ఒక్కసారి కూడా లేదు.

వీధినాటకంలో కర్ణుడు ఒంటితో పుట్టిన కవచాన్ని కోసి ఇంద్రుడికి ఇచ్చే చోట మా వీధి ఆడవాళ్ళు ఏడ్చేవాళ్ళు. ఆయనైనా ఒకరు అడిగితే ఇచ్చినాడు. మనం ఎవరూ అడక్కుండానే తీసి బండికి తగిలిస్తాం. తమిళంలో హెల్మెట్‌కి తలైక్కవసం అనే పేరు, చూడండి.

నా చిన్నకొడుక్కి బండి నేర్పింది నేనే. క్లచ్చు, బ్రేకు నేర్పినట్టే ఇది కూడా నేర్పినాను: "డౌటన్ దాటేదాకా పెట్టుకోరా, తర్వాత తీసెయ్ పర్లేదు." ఈ మాట నేనే అన్నాను. ఇంకొకరి మీద పెట్టడానికి లేదు.

లాక్‌డౌన్‌లో వాడు పనిచేసే అంగడి మూతపడింది. ఇళ్ళకి భోజనం చేర్చే ఉద్యోగంలో చేరినాడు. ఎన్ని పొట్లాలు చేరిస్తే అంత కూలి. మా గజాల లెక్కే. 2021 నవంబరు వానల్లో ఒక రాత్రి ఇంటికి వచ్చి రెండు ముద్దలు తిని, ఇంకో ఆర్డరు ఉందని లేచినాడు. నేను అరుగు మీద కూర్చోనున్నాను. హెల్మెట్ తలమీద ఉంది, పట్టీ రెండు పక్కలా వేలాడుతోంది. నేను చూసినాను. చూసి, "వాన పెద్దదవుతుంది, బిరాన పో" అన్నాను. అంతే అన్నాను.

బ్రిక్లిన్ రోడ్డులో నీళ్ళ కింద ఎవరో తవ్వి వదిలేసిన గుంట. ముందు చక్రం దిగబడింది. వేగం కూడా ఎక్కువ లేదంట, చూసిన టీకొట్టు ఆయన చెప్పినాడు. వాడు నేలకి తగిలేలోపలే హెల్మెట్ ఊడి ఎగిరిపోయి ఒక అంగడి మెట్టు దగ్గర పడింది. మరుసటి రోజు ఆ టీకొట్టాయనే దాన్ని ఇంటికి తెచ్చిచ్చినాడు. చేతిలో తిప్పి తిప్పి చూసినాను. దానిమీద ఒక్క గీత లేదు.

సర్కారు ఆసుపత్రిలో పదకొండు రోజులు. మొదటి మూడు రోజులు మమ్మల్ని గుర్తు పట్టలేదు. మా కోడలు ఆ మూడు రోజులూ గోడకి ఆనుకుని నిలబడే ఉండింది, కూర్చోమంటే కూర్చోలేదు. నాలుగో రోజు "నైనా" అన్నాడంట. నాకు వినపడలేదు. కోడలు నా భుజం కుదిపి చెప్పింది, "మామా, మిమ్మల్నే పిలుస్తున్నాడు" అని.

ఒంటిమీద దెబ్బల గురించి ఒక మాట. కంపెనీ ఇచ్చిన పాలిస్టరు టీషర్టు రోడ్డుకి రాసుకుని కరిగి భుజానికి అతుక్కుంది. నర్సమ్మ నీళ్ళు పోసి పోసి ఊడదీసింది. పాలిస్టరు అంతే, రాపిడి వేడికి కరుగుతుంది. నూలు కరగదు, చిరుగుతుంది. నైన వాళ్ళు నేసిన మందం ఖాకీ డ్రిల్లు అయితే తోలు కొంతైనా మిగిలుండేది. గుడ్డ నేసిన ఇంట్లో పుట్టినవాడు ప్లాస్టిక్కు కట్టుకుని పడినాడని నాకు అప్పుడు కోపం వచ్చింది. ఎవరిమీదో తెలియలేదు.

వాడు బతికినాడు. నడుస్తాడు, మాట్లాడతాడు, లెక్కలు సరిగ్గా చెప్తాడు. ఒకటే పోయింది, వాసన.

చిన్న డాక్టరు ఒకాయన ఓపిగ్గా బొమ్మ గీసి చూపించినాడు. ముక్కు పైభాగాన జల్లెడ మాదిరి చిల్లుల ఎముక ఒకటి ఉంటుందంట. ఆ చిల్లుల్లోంచి వాసన తెలిపే సన్నటి నరాలు మెదడులోకి పోతాయంట. తల గట్టిగా తగిలి మెదడు లోపల కదిలితే ఆ నరాలు చిల్లుల దగ్గర తెగిపోతాయి. నాకు వెంటనే మా మగ్గంలో రీడు గుర్తొచ్చింది, సందుసందుకీ పోగు. తెగిన పోగు నేను క్షణంలో ముడివేసేవాణ్ణి. "మళ్ళా కలుస్తాయా సార్?" అంటే, కొందరికి కొంత తిరిగి వస్తుంది, చాలామందికి రాదు అన్నాడు. ఏళ్ళు గడిచినాయి, మావాడికి రాలేదు.

వాసన పోతే ఏమి పోయిందిలే అనుకున్నాం మొదట్లో. అన్నం రుచి కూడా దాంతోటే పోతుందని వాడు తినడం తగ్గించినాకే తెలిసింది. ఉప్పు, కారం, పులుపు తెలుస్తాయంట, అంతే. వాళ్ళమ్మ చేసే నెల్లూరు చేపల పులుసుని "వేడిగా ఉంది" అంటాడు. బాగుందని అనడు. ఆమె వంటింట్లోకి పోయి కళ్ళు తుడుచుకుంటుంది.

ఒక సాయంత్రం పాలు పొంగి స్టవ్ ఆరిపోయింది. గ్యాసు పోతూనే ఉంది. గ్యాసుకి తనకంటూ వాసన ఉండదు, కారితే మనకి తెలియాలనే కంపెనీలో ఆ కంపు కలుపుతారు. కొడుకు అక్కడే కూర్చుని ఫోను చూస్తున్నాడు, వాడికి తెలియలేదు. నేను ముందు గదిలో ఉన్నాను, బుస్సుమనే చప్పుడు నాకు వినపడలేదు. బడినుంచి వచ్చిన మనవరాలు గడపలోనే ఆగి కేక పెట్టింది. ఆ కేక కూడా నాకు వినపడలేదు, దాని నోరు చూసి తెలుసుకున్నాను. చెవుల్లేని తాత, ముక్కు లేని నాయన, ఇద్దరికీ కాపలా పన్నెండేళ్ళ పిల్ల.

ఆ రాత్రి నా పాత నల్ల హెల్మెట్ తీసి కత్తితో కోసినాను. గుడ్డ మంచిదా కాదా అంటే పోగు లాగి చూస్తాం కదా, అట్లా. పైన పలచటి ప్లాస్టిక్కు, లోపల వేలెడు కూడా లేని స్పాంజి. అంతే! పద్నాలుగేళ్ళు నేను తలమీద పెట్టుకున్నది, పెట్టుకున్నప్పుడైనా, ఒక డబ్బా.

మంచిదాంట్లో ఏముంటుందో బండి మెకానిక్కు తమ్ముడు చూపించినాడు. పగిలిపోయినది ఒకటి ఉండింది అతని దగ్గర. గట్టి పైచిప్ప, దాని కింద మందంగా తెల్ల థర్మకోల్. పైచిప్ప దెబ్బని ఒకచోట నిలవనీకుండా పరుస్తుంది. థర్మకోల్ నలిగిపోయి ఆ ఊపుని తను తీసుకుంటుంది, తలకి పోనివ్వదు. నలిగింది మళ్ళా పొంగదు. అందుకని ఒకసారి గట్టిగా పడిన హెల్మెట్ పైకి బాగున్నా పనికిరాదు, ఎవరో వాడినది సగం ధరకి వస్తుందని కొనకూడదు. ఐఎస్ఐ గుర్తు, 4151 అనే నంబరు చూడాలి. 2021 జూన్ నుంచి ఆ గుర్తు లేనిది అమ్మడమే నేరం. అయినా రోడ్డు పక్కన అమ్ముతూనే ఉన్నారు, మనవాళ్ళు కొంటూనే ఉన్నారు. ఇక ఇవన్నీ ఉన్నా పట్టీ లేకపోతే ఏమవుతుందో మా ఇంట్లో చూసినాం.

మనవరాలు ఫోనులో చదివి ఒక కథ చెప్పింది. ఇంగ్లండులో లారెన్స్ అనే పేరుమోసిన సైనికుడు, 1935లో సైకిళ్ళ మీద వస్తున్న ఇద్దరు పిల్లల్ని తప్పించబోయి మోటారు సైకిలు మీంచి పడినాడు. హెల్మెట్ లేదు. ఆరు రోజులకి చనిపోయినాడు. ఆయన్ని చూసిన డాక్టర్లలో కెయిర్న్స్ అనే మెదడు డాక్టరు అది మరిచిపోలేక, బండిమీద పోయే సైనికుల తలదెబ్బలన్నీ పరిశీలించి 1941లో రాసినాడు. తర్వాత సైన్యంలో హెల్మెట్ తప్పనిసరి అయింది. అప్పుడే కదా నైన వాళ్ళు ఇక్కడ ఆ సైన్యానికి ఖాకీ నేస్తూ ఉండింది.

ఇబ్బందులు లేవని నేను అనను. మే నెల ఎండలో చెన్నైలో అది పెట్టుకుంటే తల ఉడుకుతుంది. నేను పాత పంచె చింపి, నూలుది, తలకి చుట్టి పైన పెట్టుకుంటాను, చెమట పీలుస్తుంది, రోజూ ఉతుక్కోవచ్చు. చుట్టు మందంగా ఉండకూడదు, హెల్మెట్ వదులవుతుంది. ఆడవాళ్ళకి కొప్పు, పూలు అడ్డం. మా కోడలు పూలు బ్యాగులో పెట్టుకుని పోయి చేరినాక పెట్టుకుంటుంది. వెనక కూర్చున్నవాళ్ళకీ ఉండాలని 2015లోనే హైకోర్టు చెప్పింది, 2022 మే 23 నుంచి చెన్నై పోలీసులు గట్టిగా పట్టుకున్నారు, ఆ అక్టోబరు నుంచి జరిమానా వెయ్యి అయింది. వెయ్యి అనేసరికి మా సందులో అందరి తలలమీదా హెల్మెట్లు వచ్చినాయి. అరుగు మీదనుంచి లెక్కపెడతాను, పట్టీ పెట్టుకున్నది పదిమందిలో ముగ్గురో నలుగురో. పిల్లల్ని మాత్రం ఇప్పటికీ పెట్రోలు ట్యాంకు మీద ఉత్తతలతో కూర్చోబెట్టుకుని బడికి పోతారు. నాలుగేళ్ళలోపు పిల్లలకి కూడా హెల్మెట్, పెద్దవాళ్ళకి కట్టే బెల్టు ఉండాలని, నలభై కిలోమీటర్లు దాటకూడదని రూలు వచ్చేసింది. మా వీధిలో ఆ బెల్టు నేను ఇంకా చూడలేదు.

మావాడు ఇప్పుడు ఒక అంగట్లో బిల్లులు రాస్తాడు. కోడలు స్కూటీ నేర్చుకుంది, పొద్దున్నే పిల్లని బడిలో దించి పనికి పోతుంది. ఇద్దరికీ ఐఎస్ఐ వి కొన్నాం, ఒక్కొక్కటి ఎనిమిది వందల పైనే. ఒకేసారి కొనలేక రెండు నెలల్లో కొన్నాం. పట్టీ బిగిస్తే టక్కున చప్పుడు వస్తుందంట. నాకు ఆ చప్పుడు తెలియదు. అందుకని బండి కదిలేముందు అరుగు దిగి పోయి, పిల్ల గడ్డం కింద వేలు పెట్టి లాగి చూస్తాను, తర్వాత కోడలిది. మామ కోడలి గడ్డం కింద వేలు పెట్టేదేందని మొదట్లో పక్కింటామె నవ్వింది. ఇప్పుడు ఆమె కొడుకు కూడా బండి ఆపి, "తాతా, నాది చూడు" అని గడ్డం పైకెత్తుతాడు.