కాలాపానీ కింద గాజుపోగు

చెన్నై రేవులో ఓడ యెక్కినవాళ్ళం మూడోనాటికి గాని పోర్టుబ్లెయిరు చేరలేదు. విమానంలో అయితే రెండు గంటల పైచిల్లర ప్రయాణమే. అయినా అండమాను వెళ్ళేవాళ్ళు వొక్కసారైనా ఓడలో వెళ్ళాలని నా అభిప్రాయం. చుట్టూ నీరు తప్ప మరేమీ కనిపించని ఆ పగళ్ళు గడిస్తేగాని, మన పెద్దలు యీ సముద్రాన్ని కాలాపానీ అని యెందుకు భయపడ్డారో బోధపడదు.

మా ఓడ పోతున్న ఆ సముద్రం అడుగున మరో ప్రయాణం నిరంతరం సాగుతూ వుంటుంది. చెన్నై నుంచి పోర్టుబ్లెయిరుకూ, స్వరాజ్ ద్వీపం, లాంగ్ ఐలండ్, రంగత్, లిటిల్ అండమాన్, కార్ నికోబార్, కమోర్టా, గ్రేట్ నికోబార్‌లకూ కలిపి సుమారు 2,300 కిలోమీటర్ల కేబులు పరిచారు. 2018 డిసెంబరు 30న శంకుస్థాపన, 2020 ఆగస్టు 10న ప్రారంభోత్సవం జరిగాయి. ఖర్చు సుమారు 1,224 కోట్ల రూపాయలు. పైన యెన్ని కవచాలు వున్నా, లోపల కబురు మోసేది మాత్రం తలవెంట్రుకపాటి గాజుపోగు. అందులో వెలుగు వెలిగి ఆరుతూ పరుగెత్తుతుంది. దారిలో ఆ వెలుగు డస్సిపోకుండా మధ్యమధ్య బలం పోసే యంత్రాలున్నాయి. వాటికి కావలసిన కరెంటు కూడా అదే కేబులులోని రాగి గుండా వొడ్డునుంచే వెళుతుంది. మా ఓడకు రెండు రాత్రులు దాటి పట్టిన దూరం ఆ వెలుగుకు సెకనులో నూరోవంతు కూడా పట్టదు!

ఊరికి 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు. నేను మాట్లాడినవాళ్ళు మాత్రం ఇంకా పోర్టుబ్లెయిరు అనే అంటున్నారు. యెక్కుడు దిగుడు వీధులు, ఇంటింటా కొబ్బరిచెట్లు. 1906లో పూర్తయిన సెల్యులర్ జైలు చూసి, అబర్డీన్ బజారు మీదుగా జంగ్లీఘాట్ చేపలరేవు వైపు నడిస్తే, చెవికి యింపుగా మన శ్రీకాకుళం యాస వినిపించింది. ఆశ్చర్యపడనక్కరలేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం యీ దీవుల్లో నూటికి 13 మంది మాతృభాష తెలుగే.

నేను దిగింది మా పెద్దమ్మ కూతురింట్లో. అక్కయ్య పెళ్ళై యిక్కడికి వచ్చి యిరవై రెండేళ్ళయింది. పెద్దమ్మ టెక్కలిలో వుంటుంది. తల్లీకూతుళ్ళ మధ్య ఆ యిరవై రెండేళ్ళూ యీ సముద్రమే.

"కేబులు రాకముందు యెలా వుండేది బావగారూ?" అని అడిగాను.

"ఉపగ్రహమే దిక్కోయ్" అన్నారాయన.

భూమికి 36,000 కిలోమీటర్ల యెత్తున వుండే ఉపగ్రహం దాకా మాట యెక్కి, మళ్ళీ దిగాలి. 'అమ్మా, భోంచేశావా?' అంటే జవాబు రావడానికి అరసెకను. ఆ లోగా తల్లీ కూతురూ వొకేసారి మాట్లాడబోయి, వొకేసారి ఆగిపోయేవారట. ఆ ఆలస్యానికి సర్దుకోవచ్చు. దారి యిరుకుగా వుండటమే అసలు బాధ. ఆ సన్నని దారినే ఊళ్ళన్నీ పంచుకోవాలి. 'మెయిన్‌లాండు' నుంచి వచ్చేవాళ్ళ చేత పెన్‌డ్రైవుల్లో సినిమాలూ పాఠాలూ తెప్పించుకునేవారమని బావగారు చెప్పారు.

ఇప్పుడు అక్కయ్య హాల్లో, గడియారం కింద, తెల్లని పెట్టె వొకటి వుంది. వీధి స్తంభం మీదనుంచి దారంలాంటి నల్లతీగె వచ్చి అందులో చేరుతుంది. తీగెలోని వెలుగును ఆ పెట్టె మనకు పనికివచ్చే సంకేతాలుగా మార్చి, గదులన్నిటికీ పంచుతుంది. మొదట దాన్ని దుమ్ము పడకుండా యినప బీరువాలో పెట్టారట! యినుము ఆ తరంగాలను బయటికి పోనివ్వదు. నడిమింట్లో, తలెత్తున, అడ్డులేనిచోట పెట్టాక వంటింటికి కూడా అందుతోంది.

నేను వెళ్ళిన మూడోరోజున మేనల్లుడు ఇంజనీరింగు సీటు కోసం కాలేజీల పేర్లు కంప్యూటర్లో యెంచుకుని పంపాలి. సాయంత్రం ఆరుతో గడువు సరి. పదకొండింటికి పెట్టె మీద యెర్రదీపం వెలిగింది. అంటే లోపలికి వెలుగు రావడంలేదన్నమాట. వీధి మొదట కాలవ తవ్వుతున్న యంత్రం తీగెను తెంపేసింది. వాళ్ళ ఇల్లు కొండవాలు మలుపులో వుంది. అక్కడ సెల్‌ఫోను అంతంతమాత్రం. సముద్రం కింద వందల కోసుల కేబులు చెక్కుచెదరకుండా వుంది. ఇంటిముందు పది గజాలు తెగింది!

అక్కయ్య గుమ్మం వదలలేదు. మూడున్నరకు వొక కుర్రవాడు స్కూటరు మీద వచ్చాడు. తీగె పైతొడుగు వొలిచి, గాజుపోగును స్పిరిటుతో తుడిచి, చిన్న కత్తెరయంత్రంతో కొసలు నున్నగా తెంపాడు. అరచేయంత యంత్రంలో రెండు కొసలనూ యెదురెదురుగా పెట్టి మీట నొక్కాడు. చిటుక్కున విద్యుత్తు మెరుపు. రెండు పోగులూ కరిగి వొకటయ్యాయి. పైన గొట్టంలాంటి తొడుగు వేసి వేడిచేశాడు. లోపల యెర్రదీపం ఆరి పచ్చదీపం వెలిగింది.

"అయిపోయిందమ్మా, బాబుని కూర్చోమనండి" అన్నాడు. అక్కయ్య అతన్ని కాఫీ తాగనిదే కదలనివ్వలేదు. అయిదుంబావుకు మేనల్లుడి పని పూర్తయింది. ఆ వెంటనే టెక్కలికి ఫోను. తెరమీద పెద్దమ్మ మనవణ్ణి చూసి, "యెంత చిక్కిపోయావురా!" అంది. జవాబు కోసం అరసెకను కూడా ఆగనక్కరలేదు.

అదే వీధి చివర, వాలు దిగాక, నాలుగు రేకుల ఇళ్ళున్నాయి. అక్కడిదాకా స్తంభాలు లేవు, తీగె వెళ్ళలేదు. ఆ ఇళ్ళలోని పదోతరగతి పిల్ల రోజూ సాయంత్రం పుస్తకాలు పట్టుకుని వచ్చి అక్కయ్య అరుగుమీద కూర్చుంటుంది. అక్కయ్య ఆమెకు పెట్టె రహస్యపుమాట చెప్పివుంచింది. సముద్రం దాటించడం పెద్ద పనే, అది చేశారు. ఆ అరుగు నుంచి ఆ రేకుల ఇంటికి నూరు గజాలే. ఆ నూరు గజాలు కూడా దాటితేనే, ఆ పిల్లకు కాలాపానీ దాటినట్టు.